సైడ్ ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వకూడదు: రూల్‌కీ రోడ్డు మర్యాదకీ మధ్య బండి నడపడం ఎలా

మన రోడ్ల మీద రెండు రకాల రూల్స్ నడుస్తుంటాయి. ఒకటి ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష కోసం చదివేది. అంటే 1988 మోటారు వాహనాల చట్టం, దాని కింద 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనలు. రెండోది ఎక్కడా రాసి ఉండదు. లైట్ కొడితే అర్థమేంటి, లారీ ఇండికేటర్ వేస్తే ముందుకెళ్లొచ్చా, జంక్షన్‌లో ఎవరు ఆగాలి అనేవి డ్రైవర్లు ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటారు. కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్లకి మొదటి ఏడాది పడే తికమకంతా ఈ రెండింటి మధ్యే.

రెండూ ఒకే మాట చెప్పినచోట ఇబ్బంది లేదు. వేరువేరుగా చెప్పినచోట ఏది పట్టుకోవాలో తేల్చుకోవడానికి ఒక్క కొలత చాలు. మీ వంతు మీరు వదులుకోవచ్చు, అది మర్యాద. మీ వెనక వచ్చేవాడి వంతు, పక్క లేన్‌లో ఉన్నవాడి వంతు మీ చేతిలో లేవు, వాటిని మీరు ఎవరికీ దానం చేయలేరు. మంచితనంతో చేసిన పని వల్ల కూడా ప్రమాదం జరిగిందంటే, చాలాసార్లు ఈ గీత దాటడం వల్లే. కింద చెప్పే ప్రతి పద్ధతినీ ఈ కొలతతోనే చూడండి.

1. బండి తీసే ముందు: ఎవరు ఆగాలో తెలిసి ఉండాలి

వంతు ఎవరిదో తెలియకుండా మర్యాద చూపించలేం. కాబట్టి ముందు ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి.

సిగ్నల్ గానీ పోలీసు గానీ లేని జంక్షన్‌లో మీ కుడివైపు నుంచి వచ్చే బండికి మీరు దారి ఇవ్వాలి. చిన్న రోడ్డు నుంచి మెయిన్ రోడ్డు ఎక్కుతుంటే మెయిన్ రోడ్డు మీద ఉన్నవాళ్లదే ముందు వంతు. రౌండ్ సర్కిల్‌లో అప్పటికే తిరుగుతున్న బండిది వంతు, బయట నుంచి లోపలికి వచ్చేవాళ్లు ఆగాలి. ఘాట్ రోడ్డులో రెండు బండ్లు పట్టనంత ఇరుకు ఉంటే ఎక్కే బండికి దిగే బండి ఆగి దారి ఇవ్వాలి.

వీటిలో మన దగ్గర బాగా దెబ్బతిన్నది మూడోది. ఏ ఊరి సర్కిల్ దగ్గరైనా చూడండి, లోపలికి దూసుకొచ్చేవాడే గెలుస్తాడు, లోపల తిరిగేవాడు బ్రేక్ వేస్తాడు. ఇలా జరిగినప్పుడే సర్కిల్ మొత్తం బిగుసుకుపోతుంది. లోపల ఉన్నవాడు బయటికి వెళ్లలేకపోతే కొత్తగా వచ్చేవాడికి చోటు ఉండదు. మీరు బయట ఉన్నప్పుడు ఆగండి. వెనకవాళ్లు హారన్ కొడతారు, కొట్టనివ్వండి. మీరు లోపల ఉన్నప్పుడు మాత్రం వంతు మీదే అని మొండిగా వెళ్లకండి. ఎదుటివాడు ఆగుతున్నాడని కళ్లతో చూశాకే కదలండి.

గల్లీ నుంచి మెయిన్ రోడ్డు ఎక్కేటప్పుడు బండి ముక్కు కొంచెం కొంచెంగా బయటపెట్టి ట్రాఫిక్‌ని ఆపే అలవాటు ఉంది. రద్దీలో వేరే దారి లేదని అందరూ అంటారు. నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో అది చెల్లుతుంది, ఎందుకంటే అవతలివాడు మిమ్మల్ని చూసి ఆగగలడు. 50, 60 వేగంతో బండ్లు పోయే రోడ్డులో అదే పని చేస్తే మీ బంపర్‌ని తప్పించబోయిన బైక్ డివైడర్‌కి కొట్టుకుంటుంది.

2. ఎదుటి బండి చెప్పే సైగలు: వినండి, నమ్మకండి

డ్రైవర్ల సైగలకు నిఘంటువు లేదు. ఒకే సైగకు రెండు అర్థాలున్నప్పుడు దాన్ని నమ్మి అడుగు వేయకూడదు.

లైట్ కొట్టడం. మన హైవేల మీద ఎదురుగా వచ్చేవాడు లైట్ కొట్టాడంటే సాధారణంగా ‘నేను వచ్చేస్తున్నా, నువ్వు ఆగు’ అని. బ్రిటన్, అమెరికాల్లో బండి నడిపిన మనవాళ్లు చాలామంది దాన్ని ‘ముందు మీరు వెళ్లండి’ అని అర్థం చేసుకోవడం అలవాటు చేసుకుని ఉంటారు. సంక్రాంతికి ఇంటికొచ్చి అద్దె కారు తీసుకుని రోడ్డెక్కిన మీ అన్నకో మేనల్లుడికో ఈ ఒక్క విషయం తప్పకుండా చెప్పండి. ఇరుకు కల్వర్టు దగ్గర రెండు వైపులా రెండు అర్థాలు పెట్టుకుంటే ఇద్దరూ ఒకేసారి వంతెన ఎక్కుతారు.

లారీ ఇండికేటర్. ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ముందు పోతున్న లారీ కుడి ఇండికేటర్ వేస్తే ఒక డ్రైవర్ లెక్కలో ‘ఎదురు బండి లేదు, నన్ను దాటిపో’ అని, ఇంకొకరి లెక్కలో ‘ఎదురు బండి వస్తోంది, రావద్దు’ అని. రాసిన రూల్ ప్రకారం అయితే ‘నేను కుడివైపు తిరుగుతున్నా’ అని. ఈ అలవాటుకి మూలం ఉంది. ఇండికేటర్లు సరిగా లేని రోజుల్లో వెనకవాడిని దాటిపొమ్మని చెప్పడానికి డ్రైవర్ కుడి చెయ్యి బయటికి చాపి ముందుకీ వెనక్కీ ఊపాలని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఉండేది. చెయ్యి పోయి ఆ పని కుడివైపు లైట్‌కి వచ్చింది. కానీ ఇప్పుడు ఆ లైట్ మూడు మాటలు మాట్లాడుతోంది. మీరు మొదట అనుకోవాల్సింది మూడోదే, అంటే లారీ కుడికి తిరగబోతోందనే. ముందు డివైడర్‌లో సందు గానీ, కుడివైపు పెట్రోల్ బంక్ గానీ, దాబా గానీ ఉంటే లారీ పక్కకి అస్సలు పోకండి. క్లీనర్ చెయ్యి ఊపినా సరే, ఎదురు రోడ్డు మీ కళ్లకు కనపడితేనే దాటండి. అతను చూసింది అతని లారీకి సరిపోయే ఖాళీ, మీ బండి వేగం అతనికి తెలియదు.

అతని సైగ నమ్మకపోవడం అమర్యాద కాదు. దాటాక చిన్నగా ఒకసారి హారన్ కొట్టి థ్యాంక్స్ చెప్పడం లారీవాళ్ల మధ్య ఉన్న మంచి అలవాటు. ఊరి మధ్యలో, ఆసుపత్రి దగ్గర కాకపోతే అది పాటించండి.

నాలుగు ఇండికేటర్లు ఒకేసారి. జంక్షన్‌లో నేరుగా వెళ్తున్నానని చెప్పడానికి చాలామంది ఇవి వేస్తారు. వేయకండి. మీ ఎడమవైపు ఆగి ఉన్నవాడికి మీ ఎడమ లైట్ ఒక్కటే కనపడుతుంది, మీరు అటు తిరుగుతున్నారనుకుని అతను కదులుతాడు. నేరుగా వెళ్లడానికి ఏ సైగా అక్కర్లేదు. వానలో కూడా ఇవి వేసుకుని నడపకండి, లేన్ మారేటప్పుడు మీ ఇండికేటర్ ఎవరికీ అర్థం కాదు. ఈ లైట్లు బండి చెడిపోయి ఆగినప్పటికి దాచుకోండి. ముందు ట్రాఫిక్ హఠాత్తుగా ఆగిపోతే వెనకవాళ్లని హెచ్చరించడానికి క్షణం వెలిగించే అలవాటు మాత్రం హైవే మీద ప్రాణాలు కాపాడుతుంది.

హారన్. ఘాట్ మలుపులో కొట్టండి, చూసుకోకుండా మీ మీదికి జరుగుతున్న బండికి కొట్టండి. సిగ్నల్ పచ్చ అయిన మరుక్షణం కొట్టడం వల్ల ముందున్నవాడు త్వరగా కదిలిపోడు, తడబడతాడు. లారీల వెనక ‘హారన్ ప్లీజ్’ అని రాసి ఉన్నంత మాత్రాన చట్టం మారదు. అవసరం లేని హారన్‌కి మోటారు వాహనాల చట్టం 194-ఎఫ్ సెక్షన్ కింద మొదటిసారి 1,000, ఆ తర్వాత 2,000 రూపాయల జరిమానా ఉంది. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకూ నిశ్శబ్ద ప్రాంతం. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకూ ఇళ్ల మధ్య హారన్ అత్యవసరానికి మాత్రమే.

3. రెండు వరుసల రోడ్డులో ఓవర్‌టేక్ చేయడం

జిల్లా రోడ్లలో, పాత స్టేట్ హైవేల మీద మధ్యలో డివైడర్ ఉండదు. ఇక్కడ పొరపాటు పడితే ఎదురెదురు గుద్దుకోవడమే. అందుకే వరుసగా చెప్తాను.

ముందు రోడ్డు మీది గీత చూడండి. మీ వైపు తెగని గీత ఉంటే దాటకూడదు. ముక్కల గీత ఉంటే ఖాళీ చూసుకుని దాటొచ్చు. మలుపు, వంతెన, ఎత్తు, జంక్షన్, జీబ్రా గీతలు ఉన్నచోట గీత ఎలా ఉన్నా దాటకూడదు.

తర్వాత దూరం లెక్క వేయండి. మీరు గంటకు 80లో, ఎదుటివాడు 80లో ఉంటే మీ ఇద్దరి మధ్య దూరం సెకనుకు 44 మీటర్లు తగ్గిపోతుంది. లోడు లారీని దాటడానికి పది సెకన్లు పడితే 450 మీటర్ల ఖాళీ కావాలి. దాదాపు అర కిలోమీటరు. ఎదురు రోడ్డు అంత దూరం కనపడకపోతే ఇంకో నిమిషం లారీ వెనకే ఉండండి.

లారీ వెనకకి మరీ దగ్గరగా వెళ్లకండి. దగ్గరికి వెళ్తే ముందు రోడ్డు కనపడదు, మెడ బయటపెట్టి చూడాల్సి వస్తుంది. రెండు బండ్ల దూరం వదిలితే ఎడమ మలుపుల్లో లారీ పక్క నుంచి కూడా ముందంతా కనపడుతుంది. లారీ అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనపడకపోతే మీరు కూడా అతనికి కనపడరు.

ఇప్పుడు ఇండికేటర్, వెనక అద్దం, ఒకసారి తల తిప్పి కుడి పక్క. మీ వెనకవాడు అప్పటికే మిమ్మల్ని దాటడం మొదలుపెట్టి ఉండొచ్చు, ఆ వంతు అతనిది. ఖాళీ ఉంటే చిన్న హారన్, రాత్రైతే ఒక్కసారి లైట్, ఆ తర్వాత ఆలస్యం చేయకుండా దాటేయండి. లారీ ముందు భాగం మొత్తం మీ లోపలి అద్దంలో కనపడ్డాకే ఎడమకి రండి. దాటీ దాటగానే కట్ కొట్టి బ్రేక్ వేయడం కన్నా పెద్ద అమర్యాద ఇంకొకటి లేదు. లోడు బండి మీ కారులా ఆగదు.

మిమ్మల్ని వేరేవాళ్లు దాటుతున్నప్పుడు చేయాల్సింది ఇంకా తేలిక. వేగం పెంచకండి. ఇది మర్యాద మాత్రమే కాదు, దాటించుకుంటున్న బండి వేగం పెంచకూడదని నిబంధనల్లోనే ఉంది. దాటేవాడు తప్పుడు అంచనాతో వచ్చి ఎదురు బండికి దగ్గరైతే మీరు వేగం తగ్గించి లోపలికి చోటివ్వండి. తప్పు అతనిదే. అయినా ఆ గుద్దుకోవడంలో మీరూ ఉంటారు, ఎదురు బండిలో ఏ తప్పూ చేయనివాళ్లూ ఉంటారు.

4. ఊళ్లో: మంచి మనసుతో చేసే తప్పులు

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇక్కడే. హైదరాబాద్, విజయవాడ, విశాఖ రోడ్ల మీద మొరటుతనం గురించి అందరూ మాట్లాడతారు. దయ వల్ల జరిగే ప్రమాదాల గురించి ఎవరూ మాట్లాడరు.

ఒక పెద్దాయన రోడ్డు దాటడానికి నిలబడ్డాడు. మూడు లేన్ల రోడ్డులో మీరు ఎడమ లేన్‌లో ఆగి, ‘రండి’ అని చెయ్యి ఊపారు. ఆయన మిమ్మల్ని నమ్మి అడుగు వేశాడు. మీ కారు అడ్డుగా ఉండటంతో మధ్య లేన్‌లో వచ్చే బైక్‌వాడికి ఆయన కనపడడు, ఆయనకీ బైక్ కనపడదు. మీరు ఇచ్చింది మీ లేన్ వంతు మాత్రమే, ఆయన తీసుకున్నది మూడు లేన్ల వంతు. కాబట్టి ఇలా చేయండి. జీబ్రా గీతలకు చాలా ముందే ఆగండి, అప్పుడు పక్క లేన్‌వాడికి నడిచేవాడు కనపడతాడు. వేగం తగ్గించే ముందే బ్రేక్ లైట్ రెండు మూడుసార్లు వెలిగేలా మెల్లగా నొక్కండి. కిటికీలోంచి చెయ్యి చాపి వెనకవాళ్లకి ‘ఆగండి’ అని సైగ చేయండి. నడిచేవాడికి ‘రండి’ అని మాత్రం ఎప్పుడూ చెయ్యి ఊపకండి. మీరు ఆగారన్నది ఆయనకు తెలిస్తే చాలు, మిగతా రోడ్డు చూసుకుని అడుగు వేసే పని ఆయనకే వదలండి.

జీబ్రా గీతల దగ్గర సిగ్నల్ లేకపోతే నడిచేవాళ్లదే ముందు వంతు. ఇది మీ దయ కాదు, వాళ్ల హక్కు. సిగ్నల్ దగ్గర బండి స్టాప్ లైన్ వెనకే ఆగాలి. గీతల మీద బైక్ పెట్టి ఆపితే పిల్లల్ని ఎత్తుకున్న తల్లి బండ్ల మధ్యలోంచి దారి వెతుక్కోవాల్సి వస్తుంది.

రెండో దయ: వేగంగా బండ్లు పోయే రోడ్డులో డివైడర్ సందు దగ్గర యూటర్న్ కోసం ఎదురుచూసేవాడిని చూసి హఠాత్తుగా ఆగి లైట్ కొట్టడం. మీ వెనకవాడికి మీరెందుకు ఆగారో తెలియదు. ట్రాఫిక్ ఎలాగూ ఆగి ఉన్నప్పుడు, మీ ముందు జాగా వదిలి అతన్ని పోనివ్వడం చక్కటి పని. కదిలే ట్రాఫిక్‌ని ఆపి దారి ఇవ్వడం చక్కటి పని కాదు.

ఫ్రీ లెఫ్ట్. బోర్డు ఉన్నచోటే ఎర్రలైట్ మీద ఎడమకి తిరగాలి. బోర్డు లేకపోతే ఎడమకి పోయేవాడూ ఆగాల్సిందే. బోర్డు ఉన్నా నడిచేవాళ్లకీ కుడి నుంచి వచ్చే ట్రాఫిక్‌కీ దారి ఇచ్చాకే వెళ్లాలి. మీరు నేరుగా వెళ్లేవాళ్లైతే ఫ్రీ లెఫ్ట్ లేన్‌లో ఆగకండి. మీ ఒక్కరి వల్ల వెనక ఇరవై బండ్లు ఊరికే నిలబడతాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఇది మర్యాద తప్పడమే.

రాంగ్ రూట్. యూటర్న్ కిలోమీటరు దూరంలో ఉందని ఎడమ అంచునే ఎదురు రావడం మన ఊళ్లలో మామూలైపోయింది. ‘అంచునే కదా, నెమ్మదిగానే కదా’ అంటారు. గల్లీ నుంచి ఎడమకి తిరిగే ప్రతి డ్రైవర్ కుడివైపే చూస్తాడు, ఎందుకంటే బండ్లు రావాల్సింది అటే. రాంగ్ రూట్‌వాడు అతను చూడని వైపు నుంచి వస్తాడు. 2019 సవరణ తర్వాత ఇది ప్రమాదకర డ్రైవింగ్ కింద 184 సెక్షన్‌లోకి వచ్చింది. 1,000 నుంచి 5,000 రూపాయల వరకూ జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది వరకూ జైలు గానీ, రెండూ గానీ. సిగ్నల్ జంప్, చేతిలో ఫోన్ కూడా ఇదే సెక్షన్. ఎదురుగా రాంగ్ రూట్ బండి వస్తే మాత్రం మీరు న్యాయం చేయడానికి దిగకండి. అతన్ని లోపలికి నెట్టాలని అంచుకి జరిగితే అతను ట్రాఫిక్ మధ్యలోకి వెళ్తాడు. ఆగండి, అతను పోయాక కదలండి.

ఆర్టీసీ బస్సు స్టాపు నుంచి కదలడానికి కుడి ఇండికేటర్ వేస్తే చోటివ్వండి. అందులో అరవై మంది ఉన్నారు. ఆటోలు ఎక్కడైనా ఆగుతాయన్నది తెలిసిన సంగతే, కాబట్టి ఎడమ అంచున ఆటో వెనక పోతుంటే ఒక బండి పొడవు ఎక్కువే వదలండి. పార్క్ చేశాక కారు తలుపు ఎడమ చేత్తో తీసే అలవాటు చేసుకోండి. డ్రైవర్ సీట్లో ఎడమ చేత్తో కుడి తలుపు తీయాలంటే ఒళ్లు దానంతటదే తిరుగుతుంది, వెనక వచ్చే బైక్ కనపడుతుంది.

5. రాత్రి లైట్లు

ఎదురు బండి కనపడగానే లైట్ కిందికి దించండి. ముందు ఇంకో బండి పోతున్నా దించండి, మీ వెలుగు అతని అద్దాల్లో పడుతుంది. వీధి దీపాలున్న రోడ్డులో హైబీమ్ అవసరమే లేదు. అవతలివాడు దించకపోతే ఒక్కసారి లైట్ కొట్టి గుర్తు చేయండి. వినకపోతే మీరు కూడా ఎత్తి పెట్టకండి. అప్పుడు ఇద్దరు గుడ్డివాళ్లు ఎదురెదురుగా వస్తున్నట్టు. చూపు ఎడమ అంచు తెల్ల గీత మీద పెట్టి, వేగం తగ్గించి దాటిపోండి.

6. హైవే, ఔటర్ రింగ్ రోడ్డు

నాలుగు లేన్ల హైవేలో కుడి లేన్ దాటడానికి మాత్రమే. దాటగానే ఎడమకి రావాలి. హైదరాబాద్–విజయవాడ 65వ జాతీయ రహదారి మీద, చెన్నై–కోల్‌కతా 16వ రహదారి మీద లోడు లారీలు కుడి లేన్‌లోనే స్థిరంగా పోతుంటాయి. ఎడమ లేన్‌లో చెడిపోయిన లారీలు, రాంగ్ రూట్ ట్రాక్టర్లు, ఊళ్ల దగ్గర బైకులు ఉంటాయని వాళ్లు చెప్పే కారణంలో నిజం ఉంది. దాన్ని అర్థం చేసుకోండి. వెనక అంటుకుని లైట్లు కొడుతూ ఒత్తిడి పెట్టకండి. ఒకసారి లైట్, ఒక హారన్, కొంచెంసేపు ఓపిక. లారీ జరగకపోతే ఎడమ లేన్ చాలా దూరం ఖాళీగా ఉందని చూసుకుని అటు నుంచి వెళ్లండి. ఎక్కువ లేన్ల రోడ్డులో ఇది తప్పు కాదు, కానీ ఎడమ అంచున ఆగి ఉన్న బండిని వెతుకుతూ వెళ్లాలి.

మీరే సరిగ్గా 100లో కుడి లేన్‌లో పోతున్నారనుకుందాం. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకు గరిష్ఠం 100. వెనక 130లో ఒకడు లైట్లు కొడుతున్నాడు. వేగం విషయంలో రూల్ మీ వైపు ఉంది, అయినా ఎడమకి జరిగి పోనివ్వండి. వేగం ఆపడం పోలీసుల పని. ఇక్కడ వదులుకునేది మీ వంతే, దాంతో ఎవరికీ నష్టం లేదు.

ముందు బండికి దూరం రెండు సెకన్లు. అది ఒక బోర్డునో స్తంభాన్నో దాటాక మీరు అదే చోటికి రావడానికి రెండు సెకన్లు పట్టాలి. 100 వేగంలో అది 55 మీటర్లు. వానలో నాలుగు సెకన్లు. ఆ ఖాళీలోకి ఎవరో దూరతారు, మళ్లీ వెనక్కి తగ్గండి. విజయవాడ చేరేలోపు పది మంది అలా దూరినా మీకు పోయేది ఒక్క నిమిషం కూడా ఉండదు.

158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ మీద బైకులకు ప్రవేశం లేదు, కార్లకు గరిష్ఠ వేగం 120. దిగాల్సిన ఎగ్జిట్ తప్పిపోతే రివర్స్ తీయకండి, అంచున ఆగి ఆలోచించకండి. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి రండి. బండి చెడితే ఎడమ చివరకి తెచ్చి, నాలుగు ఇండికేటర్లు వేసి, మెరిసే త్రికోణం వీలైనంత వెనక, కనీసం 50 మీటర్ల దూరంలో పెట్టండి. మనుషులందరూ రెయిలింగ్ అవతల నిలబడాలి, బండిలో కూర్చోకూడదు. జాతీయ రహదారి మీద సాయానికి 1033కి ఫోన్ చేయండి. లారీ డ్రైవర్లు రాళ్లు, చెట్టు కొమ్మలు అడ్డం పెట్టి వెళ్లిపోతారు. అవి రాత్రి బైక్‌వాళ్ల ప్రాణం తీస్తాయి. మీకు కనపడితే, క్షేమంగా ఆగే వీలుంటే తీసేయండి, లేదా 1033కే చెప్పండి.

7. ఘాట్ రోడ్లు

ఎక్కే బండికి ముందు వంతు ఎందుకంటే లోడుతో ఎక్కుతూ ఆగిన బండి మళ్లీ కదలడం కష్టం, వెనక్కి జారొచ్చు. అరకు ఘాట్‌లో, శ్రీశైలం దారిలో దిగుతున్నప్పుడు ఇరుకు మలుపు కనపడితే ముందే పైన ఆగి కింద నుంచి వచ్చే బస్సుని రానివ్వండి. దిగేటప్పుడు ఏ గేర్‌లో ఎక్కుతారో ఆ గేర్‌లోనే దిగండి, న్యూట్రల్ వద్దు. తిరుమలకి ఎక్కే దారీ దిగే దారీ వేరువేరు కాబట్టి ఎదురు బండి భయం లేదు. కానీ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలన్న నియమం ఉంది. ముందుగా చేరితే చెక్‌పోస్టు దగ్గర సమయం చూసి పట్టుకుంటారు. శ్రీశైలం అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకూ మూసి ఉంటుంది. ఆ టైముకి గేటు అందుకోవాలని మలుపుల్లో తొందరపడటం కన్నా ఆ రాత్రి కింద ఊళ్లో ఆగడం మేలు. కోతులకి కిటికీలోంచి తిండి వేయకండి, అవి రోడ్డు మధ్యలోనే కాపురం పెడతాయి.

8. పల్లె దారులు

కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లో మొక్కజొన్నలో ఆరబోసి ఉంటాయి. రోడ్డు మీద పంట ఆరబెట్టడం రూల్ ప్రకారం తప్పు. కానీ కళ్లం లేని రైతుకి అదొక్కటే గట్టి నేల. మీరు వడ్ల మీదుగా పోకండి, బైకు టైరు గింజల మీద జారుతుంది. ఖాళీగా ఉన్న సగంలో ఒక్కో వైపు నుంచి వంతుల వారీగా వెళ్లండి. రాత్రి కుప్పల మీద నల్ల పట్టా కప్పి చుట్టూ రాళ్లు పెడతారు, దూరానికి ఏమీ కనపడదు. ఈ కాలంలో పల్లె రోడ్ల మీద రాత్రి 40కి మించకండి. రైతు బంధువు ఎవరైనా మీకుంటే కుప్ప చివర ఒక తెల్ల సంచో, మెరిసే స్టిక్కర్ అంటించిన డబ్బానో పెట్టమని చెప్పండి.

గొర్రెల మంద ఎదురైతే హారన్ కొట్టకండి, చెదిరిపోతాయి. ఇంజన్ నెమ్మదిలో పెట్టి ఆగండి, కాపరే దారి చేస్తాడు. ట్రాక్టర్ ట్రాలీలకు చాలావాటికి వెనక లైట్లు ఉండవు. ముందు రోడ్డు మీద ఏ వెలుగూ లేదంటే అక్కడ బండి లేదని కాదు. శవయాత్ర ఎదురైతే ఆగి పోనివ్వడం మన దగ్గర అందరికీ తెలిసిన పద్ధతే. అది పాటించేటప్పుడు కూడా బండి అంచుకి తెచ్చి ఆపండి.

9. అంబులెన్స్ వస్తే

108 సేవలు 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలయ్యాయి. దారి ఇవ్వకపోతే 194-ఈ కింద 10,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల వరకూ జైలు గానీ, రెండూ గానీ ఉండొచ్చు. కానీ ఎలా ఇవ్వాలో చాలామందికి తెలియదు. సైరన్ వినగానే ఉన్నచోట బ్రేక్ వేసేస్తారు, అప్పుడు అంబులెన్స్ కూడా ఆగుతుంది. కదులుతూనే ఎడమకి జరగండి, ఇండికేటర్ వేయండి, ఆ తర్వాత ఆగండి. రద్దీలో జరగడానికి చోటే లేకపోతే ఎడమ లేన్ వాళ్లు ఎడమ అంచుకి, కుడి లేన్ వాళ్లు డివైడర్ వైపుకి జరిగితే మధ్యలో దారి పడుతుంది. ఎర్రలైట్ దగ్గర మీరే ముందు వరుసలో ఉంటే సిగ్నల్ జంప్ చేసి జంక్షన్ మధ్యలోకి దూకకండి. స్టాప్ లైన్ దాటి ఒక పక్కకి కొంచెం జరిగితే సరిపోతుంది. అడ్డంగా వచ్చే ట్రాఫిక్‌కి సైరన్ ఇంకా వినపడి ఉండకపోవచ్చు. అంబులెన్స్ వెళ్లాక దాని వెనకే వేలాడుతూ పోవడం మాత్రం క్షమించరానిది.

10. తగిలితే

ఎంత జాగ్రత్తగా నడిపినా ఏదో ఒకరోజు ఎవరో గీరుతారు, లేదా మీరే గీరుతారు. ముందు ఆగండి. ఎవరికైనా దెబ్బ తగిలితే బండి ఆపి వైద్యం అందేలా చూడటం, పోలీసులకు సమాచారం ఇవ్వడం 134 సెక్షన్ ప్రకారం డ్రైవర్ బాధ్యత. గుంపు మీదికి వస్తుందని భయం ఉంటే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి నేరుగా వెళ్లండి, దారిలోనే 108కి, 112కి ఫోన్ చేయండి.

దెబ్బలేమీ లేకపోతే రెండు బండ్ల నంబర్లు కనపడేలా, రోడ్డు గీతలు కనపడేలా ఫోటోలు తీసుకుని వెంటనే బండ్లు పక్కకి పెట్టండి. రోడ్డు మధ్యలో నిలబడి తప్పెవరిదో తేల్చుకోవడానికి వెనక వంద మందిని ఆపకూడదు. పెద్ద దెబ్బ, పోలీసులు వచ్చే కేసు అయితే బండ్లు కదపకండి. అవతలి వ్యక్తి వయసులో చిన్నవాడైనా ‘మీరు’ అనే మొదలుపెట్టండి. ‘ఏంట్రా’ అన్న మొదటి మాటతోనే సగం గొడవలు ముదురుతాయి. డబ్బు బేరం మొదలైతే ఇన్సూరెన్స్ వివరాలు రాసుకుని పంపేయండి.

వేరేవాళ్ల ప్రమాదం దగ్గర ఆగడానికి భయపడకండి. సాయం చేసినవాళ్లని కేసులో ఇరికించకూడదని 2019 సవరణలో 134-ఎ సెక్షన్ చేర్చారు. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనవసరం లేదని దాని కింద 2020లో వచ్చిన నిబంధనల్లో ఉంది. మీ బండిని ప్రమాద స్థలం దాటి కొంచెం ముందుకెళ్లి, వచ్చే ట్రాఫిక్‌కి అడ్డం రాకుండా ఆపండి. వెనక్కి నడిచి వెళ్లి ఒకరిని ట్రాఫిక్ వైపు నిలబెట్టి ఫోన్ లైట్ ఊపమనండి. హెల్మెట్ లాగేయకండి, మెడ కదపకండి, నీళ్లు తాగించకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోండి. 108 వాళ్లకి చోటు చెప్పేటప్పుడు ఊరి పేరుతో పాటు అంచున ఉండే కిలోమీటరు రాయి మీది అంకె, మీరు ఏ వైపు రోడ్డులో ఉన్నారో, హైదరాబాద్ వైపా విజయవాడ వైపా, అది కూడా చెప్పండి. డివైడర్ ఉన్న రోడ్డులో అవతలి వైపుకి వస్తే అంబులెన్స్ మళ్లీ యూటర్న్ వెతుక్కోవాలి.